టాబ్లెట్టునకు మౌసు ఏల? ట్రాక్‌బాలు ఏల?
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చియో, మహనీయుల జీవితములను గూర్చియో ప్రసంగించుట ఆనవాయితీ. ఈ యేడు మేము అంత పెద్ద విషయమునకు పోక, అరచేతిలో ఇమిడెడి ఒక చిన్న పనిముట్టును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము. విషయము చిన్నదే గాని, దానివలన మన బడిలో ఎవరు పాఠము చెప్పగలరు, ఎవరు పాఠము నేర్వగలరు అను ప్రశ్న తేలవలసియున్నది. కావున మీరు కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

టాబ్లెట్టు కంప్యూటరు మీ అందరికిని తెలిసినదే. పిల్లలు దానిని ట్యాబు అందురు. మాకు మాత్రము దానిని చూచినప్పుడెల్ల పలక జ్ఞప్తికి వచ్చును. ఒడిలో పెట్టుకొనవచ్చును, వ్రాయవచ్చును, తుడిపివేయవచ్చును, చంకలో నిడుకొని ఇంటికి పోవచ్చును. అయితే పలకకు బలపమున్నది. టాబ్లెట్టునకు మన వ్రేలే బలపము. తాకినచో తెరచుకొనును, త్రోసినచో కదలును, రెండు వ్రేళ్ళు ఎడముగా జరిపినచో బొమ్మ పెద్దదగును. మూడేండ్ల పాప కూడ ఎవరును నేర్పకుండ దానిని నడుపగలుగుచున్నది. దాని గొప్పతనము అందులోనే యున్నది. దాని చిక్కును అందులోనే యున్నది.

చిక్కు ఏమనగా, వ్రేలు అందరికిని ఒకే తీరున లొంగదు. అయిదు వ్రేళ్ళు ఒక్కటిగా నుండవని మన పెద్దలు చెప్పుదురు. ఒక్క చేతి వ్రేళ్ళే ఒక్కటి కానప్పుడు ఊరివారందరి వ్రేళ్ళును ఒక్కటి యగునా? వణకెడి వ్రేలు కలదు, బిగుసుకొనిన వ్రేలు కలదు, కాయకష్టముచే మొద్దుబారిన వ్రేలు కలదు. ఇట్టి చేతులకు టాబ్లెట్టు ఎంత సుందరముగా నున్నను మూసిన తలుపు వంటిదే. ఆ తలుపును తీయగల సాధనములు రెండు. ఒకటి మౌసు, రెండవది ట్రాక్‌బాలు. ఇవి బల్లమీది పెద్ద కంప్యూటరుకే గాని టాబ్లెట్టుకు పనికిరావని చాలమంది అనుకొనుచున్నారు. అది నిజము కాదు.

ముందుగా ఈ రెంటికిని గల భేదమును చెప్పెదము. రెండును తెరమీద ఒక గుర్తును కదలించుటకే ఏర్పడినవి. మౌసును చేత పట్టుకొని బల్లమీద అటునిటు జరుపుదుము. మనము ఇస్త్రీపెట్టెను బట్టమీద నడిపినట్లే ఇదియును. ట్రాక్‌బాలు అట్లు గాదు. అది బల్లమీద కదలక కూర్చుండును. దాని నడినెత్తిన ఒక గోళము అమర్చబడియుండును. ఆ గోళమును వ్రేళ్ళతోగాని, బొటనవ్రేలితోగాని, అరచేతితోగాని దొర్లించినచో తెరమీది గుర్తు ఆ దిక్కునకే పోవును. తిరుగలి తన చోటనే యుండగా చేయి దానిని త్రిప్పును గదా. అట్టిదే యని యెంచుకొనుడు. మౌసునకు జరుగుటకు జాగా కావలెను. ట్రాక్‌బాలునకు తాను కూర్చుండునంత జాగా చాలును.

ఈ రెంటిలో ఏది పెద్దది, ఏది చిన్నది అని పిల్లలు అడుగవచ్చును. ట్రాక్‌బాలే పెద్దది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన మరుసటి సంవత్సరము 1946లో ఇంగ్లండులో రాల్ఫ్ బెంజమిన్ అను ఇంజనీరు నౌకాదళపు రాడారు పనికై ఇట్టి దొర్లెడి గోళమును రూపొందించినాడు. 1952లో కెనడా నౌకాదళమువారి డాటార్ అను యంత్రమునకు ట్రాక్‌బాలును చేసినవారు బౌలింగు ఆటలో వాడెడి బంతినే గోళముగా అమర్చిరి. మౌసు పుట్టుక అటుపిమ్మటి మాట. అమెరికాలోని స్టాన్‌ఫర్డు పరిశోధనాలయములో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను నాతడు దానిని ఊహించగా, ఆతని సహచరుడు బిల్ ఇంగ్లీషు 1964లో మొదటి నమూనాను తయారుచేసినాడు. అది కొయ్యతో చేసిన చిన్న పెట్టె. అడుగున రెండు చక్రములు, పైన ఒకే మీట. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరములో ఎంగెల్‌బార్ట్ దానిని విద్వత్సభ యెదుట ప్రదర్శించినాడు. వెనుకనుండి తీగ తోకవలె వ్రేలాడుటచే చూచువారికి అది ఎలుకవలె దోచును. వినాయకునికి ఎలుక వాహనమైనట్లు విద్యార్థులకును ఈ ఎలుక వాహనమైనదని చమత్కరించుట కలదు.

చేతి వ్రేలితో తెరను తాకి నడుపు పద్ధతియు నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో ఇ. ఎ. జాన్సన్ 1965లోనే దానిని వర్ణించుచు ఒక వ్యాసమును ప్రకటించినాడు. అయినను అది ఇంటింటికి వచ్చుట చేతిఫోనుల తరువాతనే. 2010లో ఐప్యాడు వెలువడిన పిమ్మట టాబ్లెట్టు అనగా వ్రేలితో నడుపునది అను భావము లోకములో స్థిరపడినది. మౌసు పాతబడినదనియు, వ్రేలే చాలుననియు పలువురు తలచిరి. వ్రేలు చాలునా అను ప్రశ్నను ఎవరి వ్రేలు అని మరల అడుగవలసియున్నది.

తెర వ్రేలిని ఎట్లు గుర్తించునో చూతము. అద్దము క్రింద కంటికి కనబడని సన్నని విద్యుత్ వాహకపు గీతలు అడ్డముగను నిలువుగను పరచబడియుండును. మన శరీరము విద్యుత్తును కొంత గ్రహించును గనుక వ్రేలు దగ్గరకు రాగానే ఆ చోట విద్యుదావేశము మారును. ఆ మార్పును లెక్కించి వ్రేలు ఎచ్చట నున్నదో యంత్రము తెలిసికొనును. వ్రేలి చర్మము మిక్కిలి పొడిబారినను, కాయలు కాచి మందమైనను ఆ మార్పు స్వల్పమై యంత్రము గుర్తింపకపోవచ్చును. తెరపై నీరు పడినచో తాకని చోటను తాకినట్లు భ్రమపడవచ్చును. వంటయింటిలో తడిచేతితో ఫోను నెత్తిన తల్లులకు ఇది అనుభవమే. మగ్గము నేసి, సుత్తి పట్టి, అరక దున్ని జీవితము గడపిన చేతులు తెరను తాకినపుడు అది పలుకకుండుట మీలో పలువురు చూచియుందురు. “నా వ్రేలికి ప్రాణము లేదా యేమి?” అని వారు నవ్వుదురు గాని, ఆ నవ్వులో కొంత చిన్నబోవుటయు నుండును.

ఇక రెండవ చిక్కు. వ్రేలికొన తెరమీద ఇంచుమించు 1 సెంటీమీటరు వెడల్పు చోటును కప్పును. తాకవలసిన గుర్తు అంతకంటె చిన్నదైనచో గురి తప్పును. పైగా తాకుచున్న చోటు ఆ క్షణమున వ్రేలి చాటున దాగిపోవును. 1954లో పాల్ ఫిట్స్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక సూత్రమును ప్రతిపాదించినాడు. గురి ఎంత దూరముననుండునో, ఎంత చిన్నదిగా నుండునో, దానిని చేరుటకు అంత ఎక్కువ కాలము పట్టుననుట దాని సారాంశము. గోళీలాడు పిల్లవానికి ఇది పుస్తకము చదువకయే తెలియును. అందుచేతనే ఆండ్రాయిడు టాబ్లెట్టులకు ప్రోగ్రాములు వ్రాయువారికి, తాకవలసిన ప్రతి గుర్తును సుమారు 9 మిల్లీమీటర్లు ఉండవలెనని గూగుల్ సంస్థ సలహా యిచ్చినది. కాని మనము చదువు పాఠములోని అక్షరములు 9 మిల్లీమీటర్లు ఉండవు గదా! మౌసు గుర్తునకు బాణపు మొన వంటి కొన యుండును. అది దేనిని చూపుచున్నదో దానిని కప్పివేయదు.

ఈ సంగతి తెలుగు వ్రాయువారికి మరింత ముఖ్యము. ఇంగ్లీషు అక్షరములు విడివిడిగా వరుసలో నిలుచును. మన అక్షరములకో తలకట్టులు, గుడులు, కొమ్ములు, ఏత్వములు, క్రింద వత్తులు. ‘స్త్రీ’ అను అక్షరము కంటికి ఒక్కటే. యూనికోడు పద్ధతిలో యంత్రము లోపల దానికి 6 సంకేతములు కలవు. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి. ‘తల్లి’ అని వ్రాయవలసినచోట ‘తల్లీ’ అని పడినచో అర్థమే మారును. ఒకటి పేరు, రెండవది పిలుపు. దానిని దిద్దవలెననినచో సరిగా ఆ అక్షరము ప్రక్కననే కర్సరును, అనగా మెరసెడి గీతను, నిలుపవలెను. వ్రేలితో ప్రయత్నించినచో ఆ గీత ఒకసారి ముందు అక్షరముకడ, ఒకసారి వెనుక అక్షరముకడ వ్రాలును. అక్షరమును పెద్దదిచేసి చూపు ఉపాయములు టాబ్లెట్టులో లేకపోలేదు. అవి స్థిరమైన చేతికి సాయపడును. అస్థిరమైన చేతికి అవియు చాలవు.

ఇక్కడ మా సంఘములో జరిగిన ఒక సంగతిని చెప్పెదము. వయస్సు ఎనుబదికి సమీపించిన ఒక పెద్దవారు చాలకాలము మన పిల్లల తెలుగు వ్యాసములను దిద్దుచుండెడివారు. వీధిలోనికి పోయినచో తెలుగు మాట వినబడని ఊరు మనది. ఇంటిలో మాటాడు తెలుగునందును ప్రక్క భాష కలసిపోయినది. ఏ మాటకు దీర్ఘమున్నది, ఎక్కడ వత్తు పడవలెను, శకట రేఫము ఎక్కడ వచ్చును అని నిస్సందేహముగా చెప్పగలవారు మనలో వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే మిగిలినారు. వారిలో ఈ పెద్దవారు ఒకరు. కాగితములు పోయి టాబ్లెట్టులు వచ్చిన పిమ్మట పిల్లలు వ్యాసములను అందులోనే వ్రాయనారంభించిరి. వారికేమో చేయి వణకును. ఒక్కసారి తాకబోగా రెండుసార్లు తగులును; పుట యెగిరిపోవును; ఒక్కొక్కప్పుడు పిల్లవాడు వ్రాసిన పేరా యంతయు ఎంపికయై చెరిగిపోవును. కొన్ని వారములు ఓపికపట్టి, తరువాత వారు రాక మానివేసిరి. “నా చేతికి ఇది పట్టుబడదు నాయనా, మీరే చూచుకొనుడు” అని మర్యాదగా చెప్పిరి.

వారికి తెలిసిన తెలుగు ఏమియు తగ్గలేదు. కన్నును బాగుగనే యున్నది. నడుమ అడ్డుపడినది ఒక్క వ్రేలికొన మాత్రమే. ఆ కొంచెము అడ్డుచే ఒక గురువు దూరమైనాడు; పిల్లలు దీర్ఘములను, వత్తులను దిద్దువారు లేక మిగిలిరి. తరువాత ఒక యువకుడు తన ఇంటి ట్రాక్‌బాలును తెచ్చి టాబ్లెట్టునకు తగిలించి వారి ముందుంచినాడు. మొదటి దినము వారు గోళమును దొర్లించుటతోనే గడిపిరి. వారము తిరుగకముందే ఒక వ్యాసమును ఆసాంతము దిద్దిరి. ప్రక్కన కూర్చున్న మనుమరాలు, “తాతా, నాకంటె నువ్వే సరిగ్గా పెడుతున్నావు గీత!” అని ఆశ్చర్యపడినది.

వణకు చేతికి ట్రాక్‌బాలు ఎందుచే అనుకూలమో వివరించెదము. కొందరికి చేతిని గాలిలో ఆధారము లేక నిలిపినపుడు వణకు హెచ్చును. టాబ్లెట్టును తాకుటకు చేతిని అట్లే నిలుపవలెను. ట్రాక్‌బాలుతో మోచేయి, ముంజేయి బల్లమీద ఆనించియుంచవచ్చును. మరియొక కారణము ఇంకను ముఖ్యమైనది. మౌసుతో గురి చూచి మీట నొక్కునపుడు ఆ నొక్కుడుకే మౌసు కొంచెము జరుగును. గుర్తు గురినుండి తప్పును. ట్రాక్‌బాలులో గోళము వేరు, మీట వేరు. గుర్తును గురిమీదకు చేర్చి, గోళమునుండి చేయి తీసివేసి, నిదానముగా మీటను నొక్కవచ్చును. నొక్కునపుడు చేయి వణకినను గుర్తు నిలిచిన చోటనే నిలిచియుండును. చేతి కదలిక స్వాధీనములో లేని బాలబాలికలకు గోళము మిక్కిలి పెద్దదిగా నుండు ట్రాక్‌బాలులును దొరకును. వ్రేళ్ళు చాచలేని బిడ్డ పిడికిలితో దానిని దొర్లించగలడు. మణికట్టుతోనో, మోచేతితోనో దొర్లించువారును కలరు.

ఇక అమర్చు విధానము. ఇందులో భయపడవలసినది లేదు. మార్గములు మూడు. మొదటిది తీగ. మౌసు తీగ కొన యు.ఎస్.బి. ఆకారములో నుండును. టాబ్లెట్టు రంధ్రము వేరు ఆకారములో నుండును. ఈ రెంటికి నడుమ ఓ.టి.జి. అను చిన్న తునకను తగిలింపవలెను. కొత్త టాబ్లెట్టులకు టైప్-సి అను రంధ్రమున్నది. దానికి తగిన తునకను అడిగి కొనవలెను. రెండవది, మౌసుతోబాటు వచ్చెడి గోరంత గ్రాహకమును ఆ ఓ.టి.జి. తునకలో గ్రుచ్చుట. మూడవది బ్లూటూత్. టాబ్లెట్టు సెట్టింగ్స్‌లో బ్లూటూత్‌ను తెరచి, మౌసు అడుగునగల మీటను నొక్కిపట్టినచో దాని పేరు జాబితాలో కనబడును. దానిని ఎంచుకొనిన చాలును. తీగ మౌసునకు బ్యాటరీ అక్కరలేదు, వెలయు తక్కువ. అయితే ఒకే రంధ్రమున్న టాబ్లెట్టునకు తీగ తగిలించినపుడు ఛార్జింగుకు చోటుండదు. కావున నిత్యము వాడువారికి బ్లూటూత్ మేలు.

తగిలించగానే తెరమీద గుర్తు ప్రత్యక్షమగును. ఆండ్రాయిడులో సాధారణముగా అది బాణము. ఐప్యాడులో చిన్న వలయము. ఎడమ మీటను ఒకసారి నొక్కుట తెరను తాకుటతో సమానము. నొక్కిపట్టుట, వ్రేలిని అదిమిపట్టుటతో సమానము. నొక్కిపట్టి జరుపుట, వ్రేలితో లాగుటతో సమానము. నడిమి చక్రమును త్రిప్పినచో పుట పైకి క్రిందికి జరుగును. కుడి మీట చేయు పని యంత్రమును బట్టియు, ప్రోగ్రామును బట్టియు మారుచుండును. ఒకసారి నొక్కి చూచి తెలిసికొనుటయే సులువు. ఒక మాటను ఎంచుకొనవలెనన్నచో దానిపై గుర్తునుంచి రెండుసార్లు వెంటవెంట నొక్కవలెను.

ఇంతటితో ఆగిపోరాదు. చేతికి తగినట్లు యంత్రమును మలచుకొనవలెను. చాలమంది ఈ మెట్టును దాటవేసి, “మౌసు కూడ మాకు కుదరలేదు” అని విసుగుకొందురు. మొదట చూడవలసినది గుర్తు వేగము. వణకు గలవారికి వేగము తగ్గించవలెను. అప్పుడు చేయి ఎక్కువ కదలినను గుర్తు కొంచెమే కదలును; వణకు తెరమీదకు ఎక్కదు. చేయి కొంచెమే కదలగలవారికి దీనికి విరుద్ధముగా వేగము పెంచవలెను. రెండవది గుర్తు పరిమాణము. చూపు మందగించినవారికి యాక్సెసిబిలిటీ అను విభాగములో గుర్తును పెద్దది చేయు వసతి కలదు. ఐప్యాడులో అదే విభాగమున పాయింటర్ కంట్రోల్ అను చోట రంగును గూడ మార్చవచ్చును. మూడవది, మీట నొక్కలేనివారికి గొప్ప వరము. గుర్తును ఒకచోట కొంతసేపు కదలక నిలిపినచో యంత్రమే మీట నొక్కినట్లు భావించి పని చేయును. ఆండ్రాయిడులో దీనిని ఆటోక్లిక్ అందురు. ఐప్యాడులో అసిస్టివ్ టచ్ క్రింద డ్వెల్ కంట్రోల్ అను పేరుతో నుండును. ఎంతసేపు నిలుపవలెనో ఆ కాలమును మనమే నిర్ణయించుకొనవచ్చును.

కూర్చుండు తీరును గూర్చియు ఒక మాట. టాబ్లెట్టును ఒడిలో నుంచుకొని మౌసును వాడుట కుదరదు. టాబ్లెట్టునకు వెనుక ఆనికనుంచి, కంటికి ఎదురుగా వ్యాసపీఠముమీది గ్రంథమువలె నిలుపవలెను. అట్లు నిలిపిన తెరను మాటిమాటికి వ్రేలితో తాకుటకు చేయెత్తినచో భుజము నొచ్చును. మౌసున్నచో ఆ నొప్పి తప్పును. నేటి మౌసులు అడుగున వెలుగును ప్రసరింపజేసి కదలికను కనిపెట్టును. అందుచే స్వచ్ఛమైన గాజుబల్లమీద అవి తడబడును. క్రింద ఒక అట్టయో, నోటుపుస్తకమో వేసినచో సరిపోవును. ట్రాక్‌బాలు గుంటలో మురికి చేరును గనుక వారమునకొకసారి గోళమును తీసి మెత్తని బట్టతో తుడువవలెను. మంచమునుండి లేవలేనివారికి ఒక పలకచెక్కమీద ట్రాక్‌బాలునుంచి ప్రక్కన పెట్టినను పని సాగును.

మౌసు సర్వార్థసాధకమని మేము చెప్పుట లేదు. బొమ్మ గీయుటకు వ్రేలు, అంతకంటె కలము మేలు. అక్షరములు దిద్దించు పసిబిడ్డలు వ్రేలితో దిద్దుటయే మంచిది. ఇసుకలో దిద్దిన సంస్కారమది. రెండు వ్రేళ్ళతో చేయవలసిన పనులు మౌసునకు సూటిగా రావు. కొన్ని ఆటలు, కొన్ని ప్రోగ్రాములు వ్రేలినే ఎదురుచూచును. మౌసు వచ్చినది గదా యని వ్రేలిని వెలివేయనక్కరలేదు. ఒకే యంత్రమును ఒకరు వ్రేలితోను, మరియొకరు మౌసుతోను వాడుకొనవచ్చును. మౌసు తగిలించినను తెర తాకుడుకు పలుకుచునే యుండును.

“అట్లయినచో బల్లమీది కంప్యూటరునే కొనరాదా?” అని కొందరు ఆక్షేపింతురు. కొనగలవారు కొనవచ్చును. మన బడిలో ఇప్పటికే యున్నవి టాబ్లెట్టులు. పిల్లలు ఇంటికి గొనిపోవునవి అవియే. పిల్లవాడు వ్రాసిన వ్యాసమును అదే యంత్రములో, అదే చోట గురువు దిద్దగలుగుట ముఖ్యము. సాధారణమైన తీగ మౌసు కొన్ని వందల రూపాయలకు దొరకును. ట్రాక్‌బాలు వెల దానికి అనేక రెట్లుండును. అయినను కొత్త కంప్యూటరు వెలతో పోల్చినచో తక్కువే. ఒక్కటి కొన్నచో పదిమంది వంతులవారీగా వాడుకొందురు.

మరికొందరు, “ఇది ఏ ఒకరిద్దరికో కావలసినది, అందరి ధనము దానికేల?” అందురు. వారికి చరిత్రయే సమాధానము చెప్పును. ఆండ్రాయిడు టాబ్లెట్టులు 2011లో వచ్చిన 3.1వ కూర్పునుండియే మౌసును, ట్రాక్‌బాలును స్వీకరించినవి. ఐప్యాడు అట్లు గాక చాలకాలము తలుపు మూసియుంచినది. 2019 సెప్టెంబరులో ఆ తలుపు తెరచుకొనినది. కాని ఏ వైపునుండి? శారీరకమైన ఇబ్బంది గలవారికై ఏర్పరచిన యాక్సెసిబిలిటీ విభాగమునుండి. తెరను తాకలేనివారికి సాయముగా మౌసును అనుమతించిరి. 2020 మార్చిలో వచ్చిన 13.4వ కూర్పుతో అదే సదుపాయము మరింత మెరుగై అందరిదియు నైనది. నేడు కార్యాలయములలో ఐప్యాడునకు మౌసు తగిలించి పని చేయు ఆరోగ్యవంతులలో ఎందరికి ఈ సంగతి తెలియును? బలహీనులకై వేసిన మెట్టుమీదుగా బలవంతులును ఎక్కుచున్నారు.

చట్టమును గూడ స్మరింపవలెను. మన దేశములో 2016లో చేయబడిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. అంతకుముందు 1995 నాటి చట్టములో అవి 7 మాత్రమే. మెదడు పక్షవాతముచే చేతులు స్వాధీనములో లేని పిల్లలును, పార్కిన్సను వ్యాధిచే వణకెడి పెద్దలును ఈ చట్టములోనివారే. ప్రభుత్వ ధనముతోగాని, గుర్తింపుతోగాని నడచు విద్యాసంస్థలు ప్రతి విద్యార్థికిని అతని అవసరమును బట్టి తగిన సౌకర్యమును కల్పించునట్లు చూడవలెనని 16వ విభాగము ఆదేశించుచున్నది. ఒక బిడ్డకు ట్రాక్‌బాలు నిచ్చుట దయాధర్మము కాదు. బెంచీ వేయుట, నల్లబల్ల కట్టుట ఎట్టివో ఇదియు నట్టిదే.

కావున మేము సంఘమువారికి మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది, మన గ్రంథాలయములో నాలుగు తీగ మౌసులు, వానికి తగిన ఓ.టి.జి. తునకలు, కనీసము రెండు ట్రాక్‌బాలులు ఉంచవలెను. పుస్తకమువలెనే వానిని ఇంటికి ఎరువిచ్చు ఏర్పాటు చేయవలెను. కొనుటకు ముందు ఎవరికి కావలెనో వారి చేతనే వాడించి చూడవలెను. ఒకరికి బొటనవ్రేలి గోళము, మరొకరికి అరచేతి గోళము కుదురును. రెండవది, పై తరగతుల విద్యార్థులలో ఇద్దరు ముగ్గురు వేగమును, గుర్తు పరిమాణమును, ఆటోక్లిక్‌ను అమర్చుట నేర్చుకొని, అడిగినవారికి ఓపికతో అమర్చి పెట్టవలెను. మూడవది, తెలుగు బాగుగా తెలిసియు ఈ యంత్రములను చూచి వెనుకకు తగ్గిన పెద్దలు ఎవరెవరో విచారించి, వారి ఇండ్లకు పోయి పిలిచి తీసికొని రావలెను. వారు తమంతట తాము అడుగరు. “చేతకాదు” అను మాట పెద్దవారికి బహు కష్టముగా నుండును గనుక, దానిని చెప్పుటకంటె రాకుండుటయే మేలని వారు తలంతురు.

విద్యార్థులారా! మీకు వ్రేలితో నడుపుట పుట్టుకతో వచ్చినంత సహజము. మీ ఇంటిలోని తాతగారో, అవ్వగారో గుర్తును తప్పి తాకినపుడు యంత్రమును వారి చేతినుండి లాగికొని “నేను చేస్తాను, ఇటియ్యి” అనకుడు. అట్లు చేసినచో పని ముగియును గాని వారు నేర్చుకొనరు. ఒక మౌసును తగిలించి, వేగము తగ్గించి, ప్రక్కన కూర్చుండుడు. మొదట చీట్లపేక ఆటవంటి సులభమైన ఆటను తెరచి ఇయ్యుడు. చేయి అలవాటు పడును. తరువాత మీరు వ్రాసిన ఒక పేరాను వారి ముందుంచి తప్పులు చూపుమని అడుగుడు. మీరు వారికి గోళము దొర్లించుట నేర్పుడు. వారు మీకు దీర్ఘములు నేర్పుదురు.

ఆ పెద్దవారు ఇప్పుడు శనివారములలో మరల వచ్చుచున్నారు. వారివద్ద నున్నది ఎరువు తెచ్చిన ట్రాక్‌బాలు. దానిని ఆ యువకునికి తిరిగి యియ్యవలసియున్నది. వచ్చు విద్యా సంవత్సరము మొదలగునాటికి బడికి స్వంతముగా రెండు ట్రాక్‌బాలులు ఉండునట్లు కార్యవర్గమువారు తీర్మానింతురని ఆశించుచున్నాము.